మూడు తెలుపులు

2018వ సంవత్సరం ఆగస్టు తొమ్మిది, గురువారం. చీరాలలో ఆ రోజు వేకువనుంచే ముసురు పట్టింది. వాన అనడానికి లేదు, కాదనడానికీ లేదు. సముద్రం వైపు నుంచి గాలి వచ్చినప్పుడల్లా మొహాన తుంపర కొట్టి పోతోంది. ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా కిందికి వేలాడుతోంది. వాతావరణం సంగతి ఇంత వివరంగా ఎందుకంటే, రంగులద్దే వాళ్ళ కథలో సగం అదే. మబ్బు పట్టిన రోజున వాళ్ళు ఏ రంగు గురించీ గట్టిగా మాట్లాడరు. ఎండ రానివ్వండి, చూద్దాం అంటారు. ఈ మర్యాద మా నేత సొసైటీ డైరెక్టర్లు కూడా నేర్చుకుని ఉంటే నా ఉద్యోగం కొంత సుఖంగా సాగేది. నేను అక్కడ సెక్రటరీగా చేసి రిటైరయ్యాను. రిటైరైన మర్నాటినుంచి రోజూ పొద్దున్నే జొన్నాదుల వీరరాఘవులు మాస్టారి అద్దకం దొడ్డికి వెళ్ళి, ఆయన వసారాలో ఉన్న పేము కుర్చీలో కూర్చుని పేపరు చదవడం నా పని. ఆ కుర్చీలో కూర్చోమని నన్నెవరూ అనలేదు. లెమ్మని కూడా ఎవరూ అనలేదు.

మాస్టారికి రెండు అలవాట్లున్నాయి. మొదటిది: ఎవరు ఏ రంగు చూపించి పేరడిగినా ఆయన ముందు దాన్ని చూడరు. గుమ్మం పక్కన మేకుకి ఎప్పుడూ ఒక తెల్ల నూలు చిలప, అంటే దారపు కట్ట, వేలాడుతూ ఉంటుంది. ఉతికింది, రంగు ముట్టనిది. ముందు దాని వంక చూస్తారు. ఒక గుక్క మంచినీళ్ళు తాగినంత సేపు చూసి, అప్పుడు రంగు వైపు తిరిగి, ఇది నెమలికంఠం, ఇది వంగపండు, ఇది వంగపండు కాదు నేరేడు అని తేలుస్తారు. ఎందుకలాగ అంటే, రంగు తెలియాలంటే ముందు తెలుపు తెలియాలి అనేవారు. ఆ మాటలో చమత్కారం ఉందని నాకు చాలాకాలం తట్టలేదు. మన భాషలో తెలుపు అంటే తెల్లదనమూ అవును, తెలియజేయడమూ అవును. ఆ రెండు మాటలూ అక్కచెల్లెళ్ళో, ఇరుగుపొరుగు వాళ్ళో పండితులు చెప్పాలి. మాస్టారు పండితుడు కాదు కనక రెండింటినీ ఒకే చిలపకు తగిలించి ఊరుకున్నారు. రెండో అలవాటు: ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. ఏదో ఒక వస్తువు తెమ్మంటారు. ఉప్పెందుకు వేస్తారని ఒకసారి నేనడిగితే ఉప్పు డబ్బా తెమ్మన్నారు. తెచ్చాను. కుండీలో వేసుకున్నారు. అంతే.

ఆయన దగ్గర అప్పటికి ముగ్గురు శిష్యులుండేవారు. పెద్దవాడు మార్కండేయులు, నలభై దాటినవాడు, నోరు కొంచెం పెద్దది, మనసు అంతకంటె పెద్దదే అని తరవాత తెలిసింది. రెండోవాడు మస్తాన్‌వలి, చురుకైన కుర్రాడు, తల దువ్వుకోకుండా పనిలోకి రాడు. మూడోది కర్నాటి ఇందుమతి. వాళ్ళ నాన్న ఇదే దొడ్డిలో నీలి కుండీ దగ్గర పనిచేసి పోయాడు. ఆ పిల్ల డిగ్రీ చదివి, ఇంటి వృత్తి నేర్చుకుంటానని వచ్చింది. ముగ్గురికీ తలా ఒక లాప్‌టాప్ ఉండేది. హైదరాబాదులో పెద్ద బట్టల దుకాణం నడిపే వసుంధరమ్మగారు వాటిని కొనిచ్చింది. తనకు కావలసిన రంగు ఫోటో తీసి పంపుతుంది. వీళ్ళు అది చూసి చిలప అద్ది పంపాలి. తలా ఒక రకం పెట్టె అయితే తలా ఒక రంగు కనపడుతుందని ఎవరో చెప్పారట, అందుకని మూడూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి, ఒకే కొట్లో ఒకే రోజున కొనిపించింది. పెట్టెల మీద అంకెలతో సహా ఒకటే. ఇక రంగుల గొడవ ఉండదని ఆవిడ నిశ్చింతగా ఉంది.

గొడవ అప్పుడే మొదలైంది. మస్తాన్ అద్దిన చిలపలు వెళ్ళడం ఆలస్యం, బాగుందని కబురు వచ్చేది. మార్కండేయులువి కొన్ని నిలిచేవి, కొన్ని తిరిగొచ్చేవి. ఇందుమతివి మాత్రం పంపినవి పంపినట్టు తిరిగొచ్చేవి. గచ్చకాయ రంగు అడిగితే బూడిదలో బెల్లం కలిసినట్టుందనీ, కనకాంబరం అడిగితే మరీ ఎర్రమట్టిలా ఉందనీ ఆవిడ రాసేది. ఆ పిల్ల ఇంకో రెండు గంటలు ముందొచ్చి, ఫోటోకి ఎదురుగా చిలప పట్టుకుని, కళ్ళు నీళ్ళు కారేదాకా పోల్చి చూసి మళ్ళీ అద్దేది. తెర మీద ఉన్నదీ చేతిలో ఉన్నదీ ఒకటే అని ప్రమాణం చేయగలిగినంత బాగా కలిసేవి. అవీ తిరిగొచ్చేవి.

ముగ్గురూ ఈ పరిస్థితి నుంచి మూడు పాఠాలు నేర్చుకున్నారు. మస్తాన్ తన కన్ను దేవుడిచ్చిందని తెలుసుకున్నాడు. సాయంత్రాలు టీకొట్టు దగ్గర ఆ విషయం నలుగురికీ చెప్పేవాడు కూడా. మార్కండేయులు, వసుంధరమ్మగారికి చత్వారం వచ్చిందని తేల్చాడు. ఇందుమతి తన కంటికి రంగు ఆనదని నిర్ధారించుకుంది. కంటి డాక్టరు దగ్గరికి వెళితే ఆయన చుక్కల బొమ్మల పుస్తకం తెరిచి, అందులో దాగిన అంకెలన్నీ చదివించి, ఏ లోపమూ లేదు పొమ్మన్నాడు. ఆ పిల్ల నమ్మలేదు. డాక్టరు మంచివాడు, జాలిపడి అలా అన్నాడు అని మా ఆవిడతో చెప్పుకుందట. పైగా మార్కండేయులు వేళాకోళం ఒకటి. మామూలుగా వాడి మాటలు ఎవరూ పట్టించుకోరు గాని, దిగులుగా ఉన్న మనిషికి దోమ కుట్టినా తెలుస్తుంది. మామిడి చిగురు రంగు అద్దమంటే ఆ పిల్లది ఎర్రగా మాడినట్టు వచ్చింది ఒకసారి. వాడు ఆ చిలపను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.

“ఇందూ, మీ పెరట్లో ఉన్నది మామిడి చెట్టా, ఇటుక బట్టీయా?”

అందరూ నవ్వారు. ఇందుమతి కూడా నవ్వింది. మర్నాడు బజారులో ఒక చీరల కొట్టు యజమానిని అడిగి, విప్పిన చీరలు మడతపెట్టే పని కుదుర్చుకుంది. శుక్రవారం నుంచి రమ్మన్నాడు. ఆ ముందురోజే నేను చెబుతున్న ఈ గురువారం.

ఆ రోజుకి ఇంకో ప్రత్యేకత ఉంది. వసుంధరమ్మగారు స్వయంగా వస్తోంది. వాళ్ళ నాయనమ్మ పెళ్ళినాటి నూలు చీర ఒకటి ఆవిడ దగ్గరుంది, మామిడి చిగురు రంగు. ఆ రంగునే తన దుకాణానికి గుర్తుగా పెట్టుకోవాలని, ఏళ్ళ తరబడి ఆ ఒక్క రంగు చీరలు ఇక్కడే నేయించాలని ఆవిడ ఆలోచన. ఎవరి చేతికి ఆ రంగు అప్పగించాలో తేల్చుకోవడానికి వస్తోంది. చీర ఫోటో పొద్దున్నే పంపింది. ముగ్గురూ దాన్ని చూసి తలా ఒక చిలప అద్ది ఉంచాలి. మధ్యాహ్నం తను చీర పక్కన పెట్టి చూస్తుంది. చీరే తెస్తున్నప్పుడు ఫోటో ఎందుకని మార్కండేయులు ఫోనులో అడిగితే, ఇకముందు అన్నీ ఫోటోలే వస్తాయి, ఫోటో చూసి అద్దగలిగిన చెయ్యే నాకు కావాలి అందిట. చీర చిరిగేంత పాతది, మళ్ళీ మళ్ళీ తిప్పడం కుదరదు. అయినా మస్తాన్ ఉండగా ఈ పరీక్ష దేనికి అనే మాట కూడా చివర్న చేర్చింది. ఆ చివరి మాట మస్తాన్ వసారాలోకి వచ్చి మరీ చెప్పాడు.

ఇందుమతి వసారా మెట్టు మీద కూర్చుని ఉంది. తుంపర పాదాల మీద పడుతున్నా వెనక్కి జరగడం లేదు. మాస్టారు కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆ పిల్ల లేచి నిలబడి, నేను అక్కడ ఉన్నానని కూడా చూడకుండా అడిగేసింది.

“మాస్టారూ, అందరికీ ఒకటి కనపడి నా ఒక్కదానికే ఇంకోటి కనపడితే, తప్పు నా కంటిదేగా? ఆ ఒక్కటీ చెప్పండి, వెళ్ళిపోతాను.”

మాస్టారు జవాబు చెప్పలేదు. చెప్పరని మీకు ముందే చెప్పాను. గ్లాసు కింద పెట్టి, మీ ముగ్గురి పలకలూ ఇలా తెండి అన్నారు. లాప్‌టాప్‌ని ఆయన పలక అనేవారు. అంతవరకు వాటి జోలికి పోయినవారు కాదు. వెనక దీపం పెట్టిన గాజులో రంగు చూడటం తనకు చేతకాదని తప్పుకునేవారు. మూడు పలకలూ వచ్చాయి. బల్ల మీద పక్కపక్కన పెట్టించారు. చీర ఫోటో చూపించబోతున్నారని ముగ్గురూ అనుకున్నారు. ఆయన మాత్రం ఏమీ రాయని కాగితం తెరవమన్నారు. మస్తాన్ తెల్లబోయి, బొమ్మ వద్దా మాస్టారూ అన్నాడు. వద్దు, ఉత్త కాగితం, మూడింట్లోనూ అన్నారు. మస్తాన్ మూడింటిలోనూ ఖాళీ పేజీ తెరిచాడు. మాస్టారు మేకు మీది తెల్ల చిలప తీసి, మూడు తెరల ముందు అడ్డంగా పరిచి పక్కకు తప్పుకున్నారు.

మస్తాన్ తెర మీది తెలుపు చిలప తెలుపులో కలిసిపోయింది. మార్కండేయులు తెర, నీలిమందు ఎక్కువైన పంచెలా ఉంది. మా ఆవిడ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నా పంచెలు అలాగే ఉండేవి. ఆఫీసులో నన్ను ఆకాశరామన్న అనేవారు. సరే, ఆ సంగతి అలా ఉంచండి. ఇందుమతి తెర అక్షింతల బియ్యంలా ఉంది. అది తెలుపని ఎవరైనా అంటే, పక్కన చిలప లేకపోతే నేనూ ఒప్పుకునేవాణ్ణి. చిలప ఉంది కనక, అది పసుపు. సందేహమే లేదు.

ఇందుమతి చిలపను ఒకసారి తన తెర ముందు నుంచి తీసి చూసింది, మళ్ళీ పెట్టి చూసింది. తియ్యగానే తెర తెల్లబడుతుంది, పెట్టగానే పసుపెక్కుతుంది. అలా ఎన్నిసార్లు చేసిందో నేను లెక్కపెట్టలేదు. మార్కండేయులు ఫోనందుకుని లాప్‌టాపులు అమ్మిన కొట్టువాణ్ణి చడామడా అడిగాడు. అవతలివాడు తొణకలేదట. మోడల్ ఒకటే అన్నా, లోపల వేసే తెర మాత్రం ఒక్క చోట తయారవదు, ఆ రోజుకి ఏ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది అందితే అది బిగిస్తారు, పెట్టె మీద ఆ ముక్క రాయరు అన్నాడట. పాడైపోయిందా అంటే పాడవలేదు, అది అంతే అన్నాడట. ఇదంతా వింటూ మస్తాన్ మెల్లగా బల్లకి ఆనుకున్నాడు. వాడి మొహంలో అంతకు ముందెప్పుడూ చూడని నెమ్మదితనం కనిపించింది.

“అంటే ఇన్నాళ్ళూ ఆవిడ మెచ్చుకుంది నన్ను కాదన్నమాట. ఈ పెట్టెని.”

నాకు ఆ క్షణంలో యాభై ఏళ్ళ కిందటి గుంటూరు కాలేజీ కెమిస్ట్రీ లాబు జ్ఞాపకం వచ్చింది. సీసాలో ద్రవం లేత గులాబి రంగుకి తిరిగేదాకా బొట్టు బొట్టుగా పొయ్యాలి. సీసా కింద ఒక తెల్ల పింగాణీ పలక పెట్టుకోవాలి. అది ఎందుకని మేమెవరమూ అడగలేదు, డిమాన్‌స్ట్రేటరు చెప్పలేదు. బల్లమీద ఆసిడ్ పడకుండా కాబోలనుకుని నేను బీయస్సీ పాసయ్యాను. గులాబిని చూడటానికి తెలుపు కావాలని ఈ వసారాలో తెలిసింది. చదువు ఎప్పుడు ఒంటబడుతుందో చెప్పలేం.

ఇక పలకలు తిరిగి పంచే వేళ వచ్చింది. మార్కండేయులు ముందుకొచ్చి, పెద్దవాణ్ణి నేను, ఆ మంచిదేదో నాకిప్పించండి అన్నాడు. మాస్టారు ఇచ్చేశారు. నీలంది మస్తాన్‌కి జరిపారు. మిగిలింది పసుపుది. దాన్ని మూసి ఇందుమతి చేతిలో పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల కన్ను తప్పు కాదని పొద్దున్నే తేల్చిన మనిషి, రేపు పోయేదాని చేతికి మళ్ళీ ఆ అక్షింతల పెట్టే ఇవ్వడమేమిటి? ఆ మాటే అడిగాను. సెక్రటరీగారూ, నా కాఫీ చల్లారిపోయింది, కాస్త వేడి చేయించుకు రండి అన్నారు. రెండో అలవాటు నాకూ వర్తిస్తుంది.

నేను కాఫీ తెచ్చేసరికి ఇందుమతి ఇంకా అక్కడే నిలబడి ఉంది, పెట్టె గుండెకి హత్తుకుని. కళ్ళు మాత్రం మాస్టారి మీద లేవు, ఆయన మళ్ళీ మేకుకి తగిలించిన చిలప మీద ఉన్నాయి. తరవాత ఆ పిల్ల చేసిన పని నేను స్వయంగా చూశాను కనక చెప్పగలను. దొడ్లో చివరి గదిలోకి వెళ్ళి, కిటికీ తలుపు వేసేసుకుని, చీకట్లో పలక తెరిచింది. ముందు ఉత్త కాగితమే తెరిచి, దాన్నే చూస్తూ కూర్చుంది. బయట వెలుగు లేదు, పక్కన చిలప లేదు. కాసేపటికి ఆ పసుపే కంటికి తెలుపై కూర్చుంటుంది. అప్పుడు చీర ఫోటో తెరిచింది. చూసి, పలక మూసి, కళ్ళు మూసుకుని బయటికి వచ్చింది. గుమ్మం దగ్గర మేకుకున్న చిలపను చూసింది, మాస్టారు చూసినంత సేపూ. అప్పుడు కుండీ దగ్గరికి వెళ్ళి చిలప ముంచింది. అద్దిన దాన్ని తెర ముందుకు ఒక్కసారి కూడా తీసుకెళ్ళలేదు. అక్కడి రంగు అక్కడి తెలుపుతో, ఇక్కడి రంగు ఇక్కడి తెలుపుతో, అంతే. ఏడాది పాటు కళ్ళు కాయలు కాచేలా తెరనీ దారాన్నీ పక్కపక్కన పెట్టుకుని పోల్చిన పిల్ల, ఆ రోజు రెండింటినీ కలవనివ్వలేదు.

మిగతా ఇద్దరి సంగతీ చెప్పాలి. మస్తాన్‌కి ఎన్నడూ కంటిని అనుమానించి అలవాటు లేదు. నీలం తెర ముందు కూర్చుని, తెలిసి కూడా, చివరికి కనపడిందే అద్దేశాడు. మార్కండేయులు దొరక్క దొరికిన మంచి తెర ముందు కూర్చుని దాన్ని నమ్మలేకపోయాడు. పొద్దున్న చూసిన వింత వాడి బుర్రలో తిరుగుతోంది. ఇదీ ఎక్కడో మోసం చేస్తూ ఉంటుందని, ముందుజాగ్రత్తగా కుండీలో ఒక చిటికెడు పసుపు రంగు ఎక్కువ వేశాడు. ఆ తరవాత ముగ్గురూ చిలపలు పిండి, ముసురులో ఆరవు కనక, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టారు.

వసుంధరమ్మగారు భోజనాల వేళ దాటాక వచ్చింది. మనిషి సన్నగా, తెల్లటి జుట్టుతో, మాట తక్కువగా ఉంది. ముసురు అప్పటికీ వదల్లేదు. ఇలాంటి వెలుగులో చూడకూడదమ్మా, కాసేపు ఆగండి అని మాస్టారంటే, నాలుగింటికి నా రైలు అంది. ఆవిడకు టీ ఇచ్చారు. మస్తాన్‌ని పేరుపెట్టి పలకరించింది. వాడు తల దించుకున్నాడు. ఇందుమతిని చూసి, నువ్వేనా అమ్మా ఇటుక రంగుల అమ్మాయివి అంది. మాటలో కోపం లేదు, ఆశా లేదు. టీ సగమయ్యేసరికి సముద్రం గాలి మళ్ళింది. మబ్బు పడమటి వైపు చిరిగి, దొడ్లోకి ఎండ వచ్చింది. కడిగిన ఎండ. ప్రతి కుండీ అంచూ, తీగల మీద నీటి చుక్కలూ ఒక్కసారిగా మెరిశాయి. మాస్టారు నులకమంచం మీద తెల్ల దుప్పటి పరిపించారు.

ఆవిడ సంచీలోంచి చీర తీసి విప్పింది. ఆ రంగు నేను వర్ణించలేను. మామిడి చెట్టు చిగురించిన మొదటి వారంలో, ఆకు ఇంకా ఆకు కాకముందు, ఎండ దాని వెనకనుంచి పడితే కొద్దిసేపు ఉండే రంగది. రాగి అనడానికి మెత్తన, గులాబి అనడానికి వేడి. మార్కండేయులు తన చిలప మడత మీద పెట్టాడు. పెట్టీపెట్టగానే తనే తీసేశాడు. వాడి గొప్పతనం ఏమిటంటే ఇంకొకరు అనేలోగా తనే అన్నాడు: “ఇందూ, ఆ బట్టీ మా పెరట్లోకి వచ్చేసినట్టుందమ్మా.” ఈసారి నవ్వింది ఇందుమతి ఒక్కతే. మస్తాన్ చిలప అందమైన రంగే గాని, గులాబి వైపు జారిపోయింది. ఆవిడ ఆశ్చర్యంగా వాడి వంక చూసి, నీకేమైంది బాబూ అంది.

ఇందుమతి తన చిలప తెచ్చి చీర మడతల మధ్య వేసి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. వసుంధరమ్మగారు వంగి చూసింది. కళ్ళజోడు పైకి తోసి చూసింది, కిందికి లాగి చూసింది. పెట్టావా అమ్మా అని అడిగింది. పెట్టానండి అంది ఆ పిల్ల. ఆవిడ అప్పుడు అరచెయ్యి చాపి, కళ్ళు మూసుకుని చీరంతా తడిమింది. పాత నూలు మెత్తన, కొత్త నూలు కాస్త గరుకు. ఆవిడ వేళ్ళు ఒకచోట ఆగాయి. కళ్ళు తెరిచి చూసింది. చిలప అక్కడే ఉంది, ఇందాకటినుంచీ ఆవిడ కళ్ళెదురుగానే ఉంది. ఆవిడ నాయనమ్మ చీరనూ ఆ చిలపనూ కలిపి ఒకే గుప్పిట్లో పట్టుకుంది. దొడ్లో పనివాళ్ళందరూ పని మానేసి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఎవరో చప్పట్లు మొదలెట్టారు; చూస్తే మార్కండేయులే.

ఏ పెట్టె మీద చూసి అద్దావని ఆవిడ అడిగింది. ఇందుమతి పలక తెచ్చి, ఉత్త కాగితం తెరిచి, పక్కన మేకు మీది చిలప పట్టి చూపించింది. వసుంధరమ్మగారు ఆ పసుపుని చూసి నమ్మలేక, దీని మీదనా అంది.

“దీని మీదనేనండి. ముందు దీని తెలుపు చూశాను. అందులో ఉన్న పసుపు తీసేస్తే మిగిలింది మీ నాయనమ్మగారి చీర.”

ఆవిడ రైలు తప్పిపోయింది. రాత్రి బండికి వెళ్ళింది. వెళ్ళేముందు ఆ రంగు ఇందుమతి చేతికి అప్పగించి, ఇది ఇంకెవరూ అద్దడానికి వీల్లేదని చెప్పి వెళ్ళింది. మర్నాడు శుక్రవారం, బజారు కొట్టు యజమాని పొద్దున్నే చీరలు మడతపెట్టే పిల్ల కోసం చూస్తూ ఉంటే, మార్కండేయులు వెళ్ళి ఆ అమ్మాయి రాదని చెప్పి వచ్చాడు. ఎవరూ పంపలేదు, తనే వెళ్ళాడు. అక్కడ ఏమేం కోతలు కోశాడో గాని, ఆ సాయంత్రానికి ఊళ్ళో సగం మందికి మామిడి చిగురు కథ తెలిసిపోయింది. సంవత్సరం తిరిగేలోగా ఆ రంగు చీరకు మా వీధిలో ఖాళీ మగ్గం లేకుండా పోయింది. ఇందుమతి మా వీధి చివర స్థలం తీసుకుని సొంత కుండీలు పెట్టింది. వాటి పక్కన గోడకి ముందుగా ఒక మేకు కొట్టించింది.

ఆ మాఘమాసంలో మాస్టారి చేతులు వణకడం మొదలైంది. కుండీలోకి దించిన కర్ర నిలవడం లేదని, ఇక చాలు అనుకుని, ఉన్నవన్నీ బతికుండగానే పంచేశారు. దొడ్డీ, కుండీలూ మార్కండేయులుకి. తాతల నాటి అంచుల నమూనాలున్న ట్రంకు పెట్టె, దానితోబాటు ఆ మంచి పలక మస్తాన్‌కి. వాడు దాన్ని పుచ్చుకుంటూ, ముందు తెలుపు చూసుకునే వాడతాను మాస్టారూ అన్నాడు. నీలం పలక మనవలు సినిమాలు చూసుకోవడానికి కూతురింటికి పోయింది. పసుపు పలక వీధి బడికి. పేము కుర్చీ నాకు. నేను అడగలేదు, ఆయనా మాట్లాడలేదు, ఒక రోజు రిక్షాలో మా ఇంటికి వచ్చేసింది. ఆఖరికి మేకు మీది తెల్ల చిలప మిగిలితే, అదైనా ఆ పిల్లకి ఇస్తారనుకున్నాను. అది పనిమనిషి కొడుకు మొలతాటికి కావాలంటే, ఎర్రరంగులో ముంచి ఇచ్చేశారు.

ఇందుమతికి ఏమీ లేదు. పంపకం జరిగిన రోజున ఆ పిల్ల అక్కడే ఉంది, అందరికీ టీ అందించింది, మాస్టారి కాళ్ళకు దణ్ణం పెట్టి నవ్వుకుంటూ తన కుండీల దగ్గరికి వెళ్ళిపోయింది. నేనే ఉండబట్టలేక, ఇది ధర్మంగా లేదు మాస్టారూ, ఇంతమందికి ఇచ్చి దానికొక్కదానికీ ఏమీ లేకుండా చేశారు అన్నాను.

ఆయన అలవాటు కొద్దీ గుమ్మం పక్కకి తలెత్తారు. అక్కడ మేకు మాత్రమే ఉంది. దాన్నే కాసేపు చూసి, నా వైపు తిరిగారు.

“ఏమిచ్చినా అందులో నా రంగు తీసేసి చూస్తుంది సెక్రటరీగారూ. అక్కర్లేదు.”